భారత అంతరిక్ష కార్యక్రమం: పెత్తనం ఎవరిది, డబ్బు ఎలా వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రాకెట్ ఎగిరిన రోజు టీవీలో కనిపించేది ఇస్రో ఒక్కటే. ఆ రాకెట్‌కి డబ్బు అడిగినవాళ్లు, ఇచ్చినవాళ్లు, అనుమతి రాసినవాళ్లు, లెక్క చూసేవాళ్లు వేరే ఉంటారు. ఈ పేజీ వాళ్ల గురించి. డాలర్లని చెప్పిన చోట తప్ప, కింద ఇచ్చిన మొత్తాలన్నీ రూపాయల్లోనే.

ఇస్రో, అంతరిక్ష శాఖ రెండూ ఒకటేనా?

కాదు. అంతరిక్ష శాఖ కేంద్ర ప్రభుత్వంలో ఒక శాఖ. ఇస్రో దాని కింద పనిచేసే సంస్థ. పార్లమెంటు డబ్బు మంజూరు చేసేది శాఖ పేరు మీదే. బడ్జెట్ పత్రంలో ఇస్రో కోసం వెతికేవాళ్లు ముందుగా ఇక్కడే తడబడతారు.

1962లో అణుశక్తి శాఖ కింద ఇన్‌కాస్పార్ అనే కమిటీతో పని మొదలైంది. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. 1972 జూన్‌లో అంతరిక్ష కమిషన్‌ను, అంతరిక్ష శాఖను విడిగా పెట్టి, సెప్టెంబరులో ఇస్రోను శాఖ కిందికి తెచ్చారు. శాఖ నేరుగా ప్రధాని చేతిలో ఉంటుంది, రోజువారీ పార్లమెంటు వ్యవహారాలు సహాయమంత్రి చూస్తారు. ముఖ్య కార్యాలయం ఢిల్లీలో లేదు, బెంగళూరు అంతరిక్ష్ భవన్‌లో ఉంది.

ఇస్రో కాకుండా శాఖ కింద స్వయంప్రతిపత్తి సంస్థలూ ఉన్నాయి: అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, తిరుపతి దగ్గర గాదంకిలో రాడార్లతో వాతావరణాన్ని పరిశోధించే ఎన్‌ఏఆర్ఎల్, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ, షిల్లాంగ్ దగ్గరి ఈశాన్య అంతరిక్ష అనువర్తనాల కేంద్రం. హైదరాబాద్ బాలానగర్, షాద్‌నగర్‌లలో ఉన్న రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, శ్రీహరికోటలోని ప్రయోగ కేంద్రం షార్ మాత్రం ఇస్రోలో భాగమే.

కమిషన్ ఛైర్మన్, శాఖ కార్యదర్శి, ఇస్రో ఛైర్మన్ ఒక్కరేనట. నిజమేనా?

నిజమే. 2025 జనవరి నుంచి వి. నారాయణన్, అంతకుముందు ఎస్. సోమనాథ్ ఈ మూడు బాధ్యతలూ కలిపి చూశారు. కమిషన్ విధానం ఖరారు చేస్తుంది, శాఖ దాన్ని ప్రభుత్వంలో నడిపిస్తుంది, ఇస్రో పని చేస్తుంది. మూడింటికీ ఒకే తల ఉండటం వల్ల ఇంజనీరు చెప్పిన మాట ఫైలు మెట్లెక్కుతూ నీరుకారిపోదు. కొన్ని శాఖల్లో సాంకేతిక ప్రతిపాదన నాలుగు బల్లలు దాటేసరికి గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అడిగేవాడు, సిఫారసు చేసేవాడు ఒకడే అయితే అడ్డు ప్రశ్న వేసేదెవరు? కమిషన్‌లో ఆర్థిక సభ్యుడు ఉండటం ఇందుకే. ప్రాజెక్టు ఖర్చు మీద మొదటి గట్టి ప్రశ్న సాధారణంగా ఆయన దగ్గర నుంచే వస్తుంది.

ఇన్‌స్పేస్, ఎన్‌ఎస్‌ఐఎల్, యాంట్రిక్స్: ఇన్ని పేర్లెందుకు?

2020 జూన్ వరకు తయారీ, అమ్మకం, అనుమతి అన్నీ ఇస్రో చుట్టూనే తిరిగేవి. ప్రైవేట్ కంపెనీ రాకెట్ చేద్దామనుకుంటే, తనకు పోటీదారు కాగల సంస్థ దగ్గరికే అనుమతికి వెళ్లాలి. దాన్ని విడదీయడానికే ఈ ఏర్పాటు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన భారత అంతరిక్ష విధానం దాన్ని కాగితం మీద పెట్టింది.

ఇస్రో పరిశోధన, కొత్త సాంకేతికత, శాస్త్ర ప్రయోగాల మీద ఉండాలి. రోజువారీ ఉత్పత్తి నుంచి మెల్లగా తప్పుకోవాలి. ఇన్‌స్పేస్ అనుమతులు ఇస్తుంది, ఇస్రో పరీక్షా సౌకర్యాలను ప్రైవేటుకి ఇప్పిస్తుంది. కార్యాలయం అహ్మదాబాద్ బోపల్‌లో ఉంది. 2019 మార్చిలో పెట్టిన ఎన్‌ఎస్‌ఐఎల్ ప్రభుత్వ రంగ కంపెనీ. ప్రయోగాలు, ఉపగ్రహ సామర్థ్యం అమ్మడం, రాకెట్లు పరిశ్రమ చేత తయారు చేయించడం దాని పని. 2022లో కేబినెట్ పది కమ్యూనికేషన్ ఉపగ్రహాలను దానికి బదలాయించి, అధీకృత మూలధనాన్ని 1,000 కోట్ల నుంచి 7,500 కోట్లకు పెంచింది. 1992 నాటి వాణిజ్య కంపెనీ యాంట్రిక్స్ కూడా శాఖ కిందే ఉంది, కానీ ఇప్పుడు బరువంతా ఎన్‌ఎస్‌ఐఎల్ మీదే.

ఒక లోటు మాత్రం చెప్పుకోవాలి. ఇదంతా విధానం, చట్టం కాదు. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా వచ్చింది, చట్టమయ్యేదాకా వెళ్లలేదు. ఇన్‌స్పేస్ అధికారాలు కార్యనిర్వాహక నిర్ణయాల మీద ఆధారపడి ఉన్నంతకాలం, పెద్ద పెట్టుబడి పెట్టేవాడి లాయరు మొదట అడిగే ప్రశ్న అదే.

ఏటా ఎంత డబ్బు వస్తుంది?

2025-26 బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు 13,416 కోట్లు. ఆ ఏడాది కేంద్రం మొత్తం ఖర్చు అంచనా 50.65 లక్షల కోట్లు. అంటే కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల్లో ఇది దాదాపు 26 పైసలు. ఆ 26 పైసల్లో నాలుగింట మూడు వంతులు అంతరిక్ష సాంకేతికత అనే పద్దు కిందికే పోతాయి: రాకెట్లు, ఉపగ్రహాలు, షార్, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ అన్నీ అందులోనే. చంద్రయాన్ లాంటివి చూసి జనం ఊహించేదానికంటే శాస్త్ర పరిశోధన పద్దు చాలా చిన్నది.

గగన్‌యాన్‌కే 20,193 కోట్లన్నారు. శాఖ మొత్తం బడ్జెట్ 13 వేల కోట్లేనా? లెక్క కుదరడం లేదే?

రెండూ వేర్వేరు అంకెలు. కేబినెట్ ఆమోదించేది ప్రాజెక్టు పూర్తయ్యేదాకా పట్టే మొత్తం, బడ్జెట్‌లో వచ్చేది ఆ ఏడాది వాటా. 2018 డిసెంబరులో గగన్‌యాన్‌కి 9,023 కోట్లు ఆమోదించారు. 2024 సెప్టెంబరులో దాని పరిధిని భారతీయ అంతరిక్ష కేంద్రం తొలి మాడ్యూల్ దాకా పెంచి, మరో 11,170 కోట్లు కలిపి, 2028 డిసెంబరు లోపు ఎనిమిది మిషన్లన్నారు. ఈ సొమ్మంతా ఒక ఏడు చేతికి రాదు.

అదే రోజు మరో మూడింటికి ఆమోదం వచ్చింది. చంద్రయాన్-4కి 2,104 కోట్లు, శుక్రగ్రహ మిషన్‌కి 1,236 కోట్లు, కొత్తతరం రాకెట్‌కి 8,240 కోట్లు. 2025 జనవరిలో శ్రీహరికోట మూడో ప్రయోగ వేదికకు 3,985 కోట్లు. ఇవన్నీ కలిపి చూస్తే, ఏటా పెరుగుతున్న రెండు మూడు శాతం కేటాయింపులో ఎలా ఇముడుతాయన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు గడువుల్లో ఉంటుంది. డబ్బు బిగిస్తే ప్రాజెక్టు రద్దు కాదు, వెనక్కి జరుగుతుంది.

ఇంకో జాగ్రత్త. రెండు మిషన్ల ఖర్చు పోల్చేముందు అందులో రాకెట్ ఉందో లేదో చూడండి. చంద్రయాన్-3 615 కోట్లలో ల్యాండరు, రోవరు, ప్రొపల్షన్ మాడ్యూలుకి 250 కోట్లు, ప్రయోగానికి 365 కోట్లని అప్పటి ఛైర్మన్ కె. శివన్ చెప్పారు. శుక్రగ్రహ మిషన్ 1,236 కోట్లలో వ్యోమనౌక వాటా 824 కోట్లే. ఒక దగ్గర వ్యోమనౌక ఖర్చు, ఇంకో దగ్గర మొత్తం ఖర్చు పెట్టి పోల్చే పోస్టులు వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఒక కొత్త మిషన్‌కి ఆమోదం ఏ దారిలో వస్తుంది?

1. ఏదో ఒక కేంద్రంలో, ఉదాహరణకు తిరువనంతపురంలోని రాకెట్ల కేంద్రం వీఎస్‌ఎస్‌సీలోనో, బెంగళూరు యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రంలోనో, ప్రాజెక్టు నివేదిక తయారవుతుంది. శాస్త్ర మిషన్ అయితే అంతరిక్ష శాస్త్రాల సలహా కమిటీ ముందుకెళ్లి, ఏ పరికరం మోయడం విలువైనదో తేలాలి.

2. ఇస్రోలో సాంకేతిక సమీక్షలయ్యాక అంతరిక్ష కమిషన్ ముందుకు.

3. మొత్తం 500 కోట్లు దాటితే వ్యయ ఆర్థిక కమిటీ. ముసాయిదా నోట్‌ను వ్యయ విభాగానికి, నీతి ఆయోగ్‌కి, సంబంధం ఉన్న శాఖలకు పంపుతారు. వాళ్లు రాసిన ప్రతి అభ్యంతరానికి జవాబు రాయాలి. నెలలు పోయేది ఇక్కడే.

4. సాధారణ నియమం ప్రకారం 1,000 కోట్లు దాటితే కేబినెట్. అంతకు తక్కువైతే మొత్తాన్ని బట్టి శాఖ మంత్రి, ఆర్థిక మంత్రి స్థాయిలో ముగుస్తుంది.

5. ఆ తర్వాత పాలనా, ఆర్థిక మంజూరు ఉత్తర్వు. అప్పుడే పెద్ద ఆర్డర్లు పెట్టడానికి వీలవుతుంది.

మామూలుగా చిక్కు ఎక్కడ వస్తుందంటే, నివేదికలో భవనాలు, పరీక్షా వేదికలు, నేలమీది యాంటెన్నాల ఖర్చు తక్కువగా వేయడంలో. వ్యోమనౌక అంచనా జాగ్రత్తగానే వేస్తారు. దాన్ని పరీక్షించే గది ఖర్చు తర్వాత బయటపడుతుంది. అందుకే కొత్తతరం రాకెట్ 8,240 కోట్లలో మూడు అభివృద్ధి ప్రయోగాలతో పాటు అవసరమైన సౌకర్యాల నిర్మాణాన్నీ ముందే కలిపారు. మంచి పద్ధతి అదే.

బడ్జెట్ పత్రాన్ని సొంతంగా ఎలా చదవాలి?

కేంద్ర బడ్జెట్ వెబ్‌సైట్‌లో వ్యయ బడ్జెట్ విభాగం తెరిచి, అంతరిక్ష శాఖ డిమాండు, అంటే శాఖ పార్లమెంటును డబ్బు అడిగే పత్రం, తీయండి. 2025-26లో దాని నంబరు 95. కొత్త శాఖలొస్తే నంబరు మారుతుంది కాబట్టి పేరుతో వెతకడం మేలు.

నాలుగు నిలువు వరసలుంటాయి. 2025-26 పత్రంలో మొదటిది 2023-24 వాస్తవ ఖర్చు, తర్వాత 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, చివరిది 2025-26 బడ్జెట్ అంచనా. పత్రికల్లో శీర్షికకి ఎక్కేది ఈ చివరి వరస. విషయం ఉండేది మొదటి, మూడో వరసల్లో. ప్రతి వరసా మళ్లీ రెవెన్యూ (నడిపే ఖర్చు), మూలధనం (ఆస్తుల మీద పెట్టేది), మొత్తం అని చీలుతుంది. పద్దు సంఖ్యలు కూడా గుర్తుపెట్టుకోదగ్గవే: 3402 అంతరిక్ష పరిశోధన రెవెన్యూ ఖర్చు, 5402 దాని మూలధన ఖర్చు. 3252, 5252 ఉపగ్రహ వ్యవస్థలవి.

ఒక్కో కేంద్రానికి, ఒక్కో ప్రాజెక్టుకి ఎంత అని తెలియాలంటే ఈ రెండు మూడు పేజీలు చాలవు. శాఖ విడిగా ప్రచురించే వివరణాత్మక డిమాండ్లు చూడాలి. షార్, ఎన్‌ఆర్‌ఎస్‌సీ లాంటివి అందులో విడివిడిగా కనిపిస్తాయి.

ఇచ్చిన డబ్బే ఖర్చు పెట్టలేకపోతున్నారంటారు. ఎందుకు?

అంకెలు ముందు చూడండి. 2019-20లో బడ్జెట్ అంచనా 12,473 కోట్లు, సవరించినప్పుడు 13,139 కోట్లకు పెరిగింది. 2020-21లో 13,479 కోట్లు ఇచ్చి 9,500 కోట్లకు కోశారు. అది కోవిడ్ ఏడాది. కానీ 2022-23లో కూడా 13,700 కోట్లు 10,530 కోట్లకు దిగింది. 2023-24లో 12,544 నుంచి 11,070 కోట్లకు.

కారణం చేతగానితనం అనుకుంటే పొరపాటు. పరిశ్రమకు చెల్లింపులు మైలురాళ్ల ప్రకారం ఉంటాయి. ఇంజను పరీక్ష మార్చిలో జరగాల్సింది జూన్‌కి జరిగితే, ఆ పరీక్ష తర్వాత ఇవ్వాల్సిన వాయిదా కూడా వచ్చే ఆర్థిక సంవత్సరానికి పోతుంది. విదేశీ భాగానికి ఎగుమతి లైసెన్సు ఆలస్యమైతే అంతే. గగన్‌యాన్‌నే తీసుకోండి: 2018లో ఆమోదించినప్పుడు లక్ష్యం 2022. తేదీ జరిగిన ప్రతిసారీ డబ్బూ జరిగింది.

మిగిలిన సొమ్ము దాచుకునే వీలు లేదు. మార్చి 31తో మురిగిపోతుంది, అంతకుముందే ఆర్థిక శాఖకి తిరిగి అప్పగించాలి. ఆఖర్లో గబగబా ఖర్చు చేయడానికీ అడ్డుంది. ఆర్థిక శాఖ నియమం ప్రకారం చివరి మూడు నెలల్లో బడ్జెట్ అంచనాలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించకూడదు. సవరించిన అంచనాలు చలికాలంలో, అప్పటిదాకా ఎంత ఖర్చయిందో చూసి కడతారు. కాబట్టి మొదటి ఆరు నెలల్లో ఆర్డర్లు వెళ్లని కేంద్రానికి కోత తప్పదు. ఎదురు పరిస్థితిలో, అంటే డబ్బు చాలకపోతే, పార్లమెంటులో అనుబంధ పద్దుల ద్వారా అడగొచ్చు. ఒకే డిమాండు లోపల పద్దు మార్చుకునే వీలు కూడా కొంతవరకు ఉంది.

ఏడాది కోతను చూసి కార్యక్రమం ఆగిపోతోందని, కేటాయింపు పెరిగిందని చూసి దూసుకుపోతోందని రాయడం రెండూ తొందరపాటే. మూడేళ్ల వాస్తవ ఖర్చు వరసగా పెట్టి చూస్తే గానీ దారి తెలియదు.

వేరే శాఖకి ఉపగ్రహం కావాలంటే ఎవరు డబ్బు పెడతారు?

రెండు రకాలుగా జరుగుతుంది. వాడుకునే శాఖే డబ్బు పెట్టడం ఒకటి. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డీఎస్‌కి పూర్తి ఖర్చు భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖది. కట్టింది, ఎగరేసింది ఇస్రో. తుపాను సమయంలో మీరు చూసే మేఘాల చిత్రాల్లో దానివీ ఉంటాయి.

రెండోది, ఉపగ్రహం అంతరిక్ష శాఖది, సమాచారం అందరిదీ. సముద్రాన్ని చూసే ఉపగ్రహాల సమాచారంతో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సూచనలు తీరప్రాంత మత్స్యకారులకు పంపుతుంది. ఇన్‌కాయిస్ భూవిజ్ఞాన శాఖది, అంతరిక్ష శాఖది కాదు. పంట అంచనాల పద్ధతిని ఇస్రో తయారుచేసి వ్యవసాయ శాఖకి అప్పగించింది. ఇప్పుడు ఢిల్లీలోని మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం దాన్ని నడుపుతోంది. ఏ శాఖకి ఏ సమాచారం కావాలో తేల్చడానికి సహజ వనరుల నిర్వహణ వ్యవస్థ ప్రణాళికా కమిటీ, ఇన్‌శాట్ సమన్వయ కమిటీ లాంటి వేదికలు పెట్టారు.

అసలు చిక్కు ఉపగ్రహం దగ్గర రాదు, చివరి అంచె దగ్గర వస్తుంది. సమాచారాన్ని వాడే సిబ్బంది, సాఫ్ట్‌వేర్ కోసం వాడుకునే శాఖ తన బడ్జెట్‌లో పైసా పెట్టుకోకపోతే, పైన ఉపగ్రహం తిరుగుతూనే ఉంటుంది, కింద ఫైలు కదలదు.

రాష్ట్రాలకు ఇందులో వాటా ఉందా?

డబ్బు విషయంలో నేరుగా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ సొంత రిమోట్ సెన్సింగ్ కేంద్రాలున్నాయి, వాటి జీతభత్యాలు రాష్ట్రాలవే. తెలంగాణ 2022 ఏప్రిల్‌లో స్పేస్‌టెక్ విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025లో తెచ్చిన విధానంలో తిరుపతి, లేపాక్షిల దగ్గర స్పేస్ సిటీలన్నారు. ఇలాంటివి స్థలం, రాయితీ, ప్రోత్సాహకాలు ఇవ్వగలవు. ప్రయోగానికి అనుమతి మాత్రం ఇన్‌స్పేస్ నుంచే రావాలి.

ప్రైవేట్ కంపెనీ ఉపగ్రహం పంపాలంటే ఏం చేయాలి?

భారతదేశంలో నమోదైన సంస్థే దరఖాస్తు చేయగలదు. విదేశీ కంపెనీ అయితే ఇక్కడి అనుబంధ సంస్థ లాంటి భారతీయ సంస్థ ద్వారా రావాలి. ఇన్‌స్పేస్ డిజిటల్ వేదికలో దరఖాస్తు పెడితే, వివిధ మంత్రిత్వ శాఖల ప్రతినిధులున్న స్థాయీ కమిటీ చూస్తుంది. 2024 మేలో వచ్చిన నియమావళి ప్రకారం నిర్ణయానికి మామూలుగా 75 నుంచి 120 రోజులు. రోజులు లెక్కలోకి వచ్చేది పూర్తి దరఖాస్తు అందాకే. యాజమాన్య వివరాలు, కక్ష్య, జీవితకాలం ముగిశాక ఉపగ్రహాన్ని ఎలా దించుతారన్న ప్రణాళిక, ప్రయోగమైతే బీమా: వీటిలో ఒకటి సగం ఉన్నా వెనక్కి వస్తుంది.

ఎక్కువ మంది మరచిపోయేది ఫ్రీక్వెన్సీ. ఇన్‌స్పేస్ అనుమతి స్పెక్ట్రం, అంటే రేడియో తరంగాలు వాడుకునే, అనుమతి కాదు. దానికి టెలికాం శాఖ దగ్గరికి విడిగా వెళ్లాలి, అంతర్జాతీయ టెలికాం సంఘంలో నమోదు కూడా జరగాలి. దీన్ని చిన్న లాంఛనం అనుకుని ఆఖర్న పెట్టుకున్న చిన్న ఉపగ్రహాల బృందాలు, ఉపగ్రహం సిద్ధమైనా రాకెట్ ఎక్కలేక కూర్చుంటాయి. ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ స్టార్‌లింక్ విషయంలోనూ ఇదే వరస: 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు, జులైలో ఐదేళ్లకు ఇన్‌స్పేస్ అనుమతి. అవి రెండూ వచ్చినా స్పెక్ట్రం సంగతి విడిగానే మిగిలింది.

హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసింది. చెన్నై అగ్నికుల్ 2024 మే 30న అక్కడే తన సొంత వేదిక నుంచి ప్రయోగించింది. ఇన్‌స్పేస్ అనుమతి, షార్ సౌకర్యం కలిస్తేనే అవి సాధ్యమయ్యాయి.

స్టార్టప్‌లకు ప్రభుత్వం డబ్బిస్తుందా?

ఇస్తుంది, కానీ రకాన్ని బట్టి. 2024 అక్టోబరులో కేబినెట్ ఆమోదించిన 1,000 కోట్ల వెంచర్ ఫండ్ వాటా కొనేది. ఎదుగుదల దశ కంపెనీలో 10 నుంచి 30 కోట్లు, ఇంకా ముదిరినవాటిలో 30 నుంచి 60 కోట్లు పెట్టాలని, 40 దాకా స్టార్టప్‌లకు చేరుతుందని లెక్క. ఇన్‌స్పేస్ 500 కోట్ల సాంకేతికత స్వీకరణ నిధి తిరిగి వాటా అడగదు: స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలకు ప్రాజెక్టు ఖర్చులో 60 శాతం దాకా, పెద్దవాటికి 40 శాతం దాకా, ఒక్కో ప్రాజెక్టుకి 25 కోట్లు మించకుండా. ఆలోచన దశలో ఉన్నవాళ్లు ఇన్‌స్పేస్ విత్తన నిధి చూసుకోవాలి.

నిజానికి స్టార్టప్‌కి గ్రాంటు కన్నా ప్రభుత్వ ఆర్డరు విలువైనది. ఆర్డరు చూపిస్తే బ్యాంకు కదులుతుంది.

విదేశీ పెట్టుబడి?

2024 ఏప్రిల్ నుంచి ఆటోమేటిక్ మార్గంలో, అంటే ముందుగా ప్రభుత్వ అనుమతి అక్కర్లేకుండా, ఉపగ్రహాల తయారీ, నిర్వహణ, సమాచార ఉత్పత్తులకు 74 శాతం దాకా, రాకెట్లు, ప్రయోగ కేంద్రాలకు 49 శాతం దాకా, ఉపగ్రహ భాగాలకు 100 శాతం దాకా. అది దాటితే ప్రభుత్వ అనుమతి.

ప్రయోగం విఫలమైతే నష్టం ఎవరికి?

ప్రభుత్వ ఉపగ్రహమైతే ఖజానాకే. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమై ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. వాణిజ్య ఉపగ్రహాలకు యజమాని బీమా తీసుకోవడం రివాజు. శకలాలు పడి మరో దేశానికి నష్టం జరిగితే, రాకెట్ ప్రైవేటుదైనా అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం జవాబుదారీ భారత ప్రభుత్వమే. ఇన్‌స్పేస్ బీమా అడగడానికి కారణం ఇది.

యాంట్రిక్స్-దేవాస్ వ్యవహారం ఎందుకు ఇంకా చెప్పుకుంటారు?

ఒకే గొడుగు కింద అమ్మకం, విధానం కలిస్తే ఏమవుతుందో చూపింది కాబట్టి. 2005 జనవరిలో యాంట్రిక్స్ రెండు ఉపగ్రహాల ఎస్-బ్యాండ్ (ఒక రేడియో తరంగాల శ్రేణి) సామర్థ్యాన్ని దేవాస్ అనే ప్రైవేట్ కంపెనీకి ఇస్తానని ఒప్పందం చేసుకుంది. 2011 ఫిబ్రవరిలో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ నిర్ణయంతో అది రద్దయింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దేవాస్‌కి 56.25 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పిచ్చింది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు దేవాస్‌ను మోసం కారణంగా మూసేయడాన్ని సమర్థించింది. విదేశీ కోర్టుల్లో మాత్రం గొడవ సాగుతూ వచ్చింది. ఈరోజు స్పెక్ట్రం నిర్ణయం ఒకరిది, అనుమతి ఇంకొకరిది, అమ్మకం మరొకరిది అని విడగొట్టడం కొందరికి చాదస్తంగా అనిపించవచ్చు. ఆ పదిహేడేళ్ల ఫైలు చదివినవాళ్లకి అనిపించదు.

లెక్కలు ఎవరు చూస్తారు? మామూలు పౌరుడు ఏమైనా అడగొచ్చా?

ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేస్తుంది. పార్లమెంటులో శాస్త్ర సాంకేతిక, పర్యావరణ, అటవీ స్థాయీ సంఘం ఏటా డిమాండ్లను పరిశీలించి నివేదిక ఇస్తుంది. శాఖ అధికారులు ఎందుకు ఖర్చు చేయలేకపోయారో వాళ్ల మాటల్లోనే అందులో దొరుకుతుంది. ఆ నివేదికలు ఉచితం, బడ్జెట్ ప్రసంగం కంటే ఎంతో పనికొస్తాయి.

అంతరిక్ష శాఖ సమాచార హక్కు చట్టం పరిధిలోనే ఉంది. ఆన్‌లైన్‌లో పది రూపాయలతో దరఖాస్తు పెట్టొచ్చు. రాకెట్ డిజైను, భద్రతకు సంబంధించినవి అడిగితే నిరాకరిస్తారు. "ఫలానా ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైంది" అని అడిగినా పని జరగదు, చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే తప్ప వివరణ కాదు. "ఫలానా ప్రాజెక్టుకి ఆమోదించిన మొత్తం, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏడాదివారీగా విడుదలైనది, ఖర్చయినది, సవరించిన గడువు తేదీ" అని వరసలుగా అడగండి. పద్దు సంఖ్య కూడా రాస్తే, దరఖాస్తు ఈ విభాగానిది కాదంటూ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరగడం తగ్గుతుంది.